ఏప్రిల్ నెల శాంపిల్స్ ఎందుకు కావాలంటే

జూన్‌లో బళ్లు తెరిచిన రెండు మూడు వారాలకే మా ల్యాబ్‌కి వచ్చే ఐస్‌బాక్సులు బరువెక్కడం మొదలవుతుంది. అప్పటిదాకా ఒక్కో బాక్సులో నాలుగైదు ట్యూబులు వస్తే గొప్ప. జూలై సగానికి వచ్చేసరికి ర్యాకు నిండా ట్యూబులు, చుట్టూ జెల్ ప్యాకులు, మూత కింద ప్లాస్టిక్ కవర్లో మడతపెట్టిన ఫారాలు. బోనాల నాటికి శాంపిల్స్ దించుకునే టేబుల్ మీద చోటు దొరకదు.

నేను హైదరాబాద్‌లో ఒక వైరాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. దగ్గు, జలుబు, జ్వరంతో వచ్చినవాళ్ల ముక్కు, గొంతు నుంచి తీసిన స్వాబ్‌లను పరీక్షించి, ఏ వారం ఏ వైరస్ ఎంత తిరుగుతోందో లెక్క తేల్చడం మా సెక్షన్ పని. మేముండేది వారాసిగూడలో. మా గల్లీ చివర మిర్చీబజ్జీల బండి పెట్టే పెద్దమ్మ నేను కనబడితే చాలు, "ఇప్పుడేం వైరస్ నడుస్తుంది బిడ్డా?" అని అడుగుతుంది. మందు పేరు అడగదు, జాగ్రత్తలు అడగదు. ఆ ఒక్క ముక్క తెలిస్తే చాలు ఆమెకి. ఆ ప్రశ్న నాకు చాలా ఇష్టం, ఎందుకంటే మా పనంతా దానికి జవాబు చెప్పడానికే. కానీ సరైన జవాబు చెప్పాలంటే జూలైలో వచ్చే బరువైన బాక్సులు ఒక్కటే చాలవు. ఏప్రిల్‌లో రావాల్సిన తేలికపాటి బాక్సులూ కావాలి. అవే సరిగా రావడం లేదు. ఈ పోస్టు రాస్తున్నది అందుకే.

ముందు ఒక స్వాబ్ మా దాకా ఎలా వస్తుందో చెప్తాను.

ఓపీలో డాక్టర్‌గారు చూస్తారు. పది రోజుల్లోపు మొదలైన జబ్బు, 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించిన జ్వరం, దాంతోపాటు దగ్గు ఉంటే ఐఎల్ఐ కింద, అంటే ఫ్లూలాంటి జబ్బు కింద రాస్తారు. ఆసుపత్రిలో చేర్చాల్సినంత ముదిరితే ఎస్ఏఆర్ఐ, అంటే తీవ్రమైన శ్వాసకోశ జబ్బు. ఈ నిర్వచనాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టినవి. వినడానికి చాదస్తంలా అనిపిస్తాయి గానీ, హైదరాబాద్ అంకెనూ కోల్‌కతా అంకెనూ పక్కపక్కన పెట్టి చూడగలుగుతున్నామంటే వీటి వల్లే. ఒక ఆసుపత్రి ముక్కు కారే ప్రతి ఒక్కరి శాంపిల్ పంపి, ఇంకో ఆసుపత్రి వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లవే పంపితే, ఆ రెండు శాతాలకూ పొంతన కుదరదు.

స్వాబ్ నైలాన్‌ది గానీ డాక్రాన్‌ది గానీ అయి ఉండాలి. చెక్కపుల్లకు దూది చుట్టినవి పనికిరావు, వాటిలోని పదార్థాలు పీసీఆర్‌కి, అంటే మేము వైరస్‌ని వెతికే పరీక్షకి, అడ్డు తగులుతాయి. ముక్కులో పెట్టి, నెమ్మదిగా తిప్పి, కొన్ని సెకన్లు ఆపి తీయాలి. గొంతులో అయితే నాలుకకు తగలకుండా వెనక గోడను రుద్దాలి. తీశాక పుల్లను వీటీఎమ్ ట్యూబులో, అంటే వైరస్ చెడకుండా ఉంచే ద్రవం ఉన్న ట్యూబులో, వేసి, గీత దగ్గర విరిచి, మూత బిగిస్తారు. ట్యూబులోని ద్రవం గులాబీ రంగులో ఉంటుంది, ఫినాల్ రెడ్ కలపడం వల్ల. అది పసుపు రంగుకు తిరిగితే లోపల ఆమ్లం పెరిగిందని, చాలావరకు బ్యాక్టీరియా చేరిందని అర్థం. అక్కడి నుంచి మా దగ్గరికి వచ్చేదాకా 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి. మూడు రోజుల్లోపు పరీక్ష చేయలేమనుకుంటే మైనస్ 70 డిగ్రీలు దాటిన ఫ్రీజర్‌లోకి పోవాలి. మే నెల ఎండలో, ఉప్పల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని వచ్చిన బాక్సు మూత తీయగానే చేతికి తెలిసిపోతుంది, ప్యాకులు కరిగాయో లేదో. శాంపిల్ తెచ్చే అన్నయ్య తప్పేమీ ఉండదు. ఆయన బండికి ఏసీ ఉండదు కదా.

బాక్సు తెరిచాక నేను ముందు చూసేది ఫారం. ట్యూబు సంగతి ఆ తర్వాతే. వయసు, బస్తీ లేదా ఊరు, ఓపీనా అడ్మిషనా, జ్వరం మొదలైన తేదీ, శాంపిల్ తీసిన తేదీ. వీటిలో జ్వరం మొదలైన తేదీ దగ్గర ఖాళీ వదిలేసిన ఫారాలు చాలా వస్తాయి. నేను ఫోన్ చేసి అడుగుతాను. అవతల నర్సమ్మకి విసుగొస్తుందని తెలుసు, ఆమె ముందు ఎంత పెద్ద లైన్ ఉంటుందో కూడా తెలుసు. అయినా అడుగుతాను.

ఎందుకంటే ఫ్లూ వచ్చినవాళ్ల ముక్కులో, గొంతులో వైరస్ మొదటి మూడు నాలుగు రోజులు బాగా ఉంటుంది, తర్వాత తగ్గుతూ పోతుంది. మన ఊళ్లో జరిగేది ఏమిటి? జ్వరం రాగానే మెడికల్ షాపుకి వెళ్లి, "అన్నా, దగ్గుకి, జ్వరానికి గోలీలియ్యి" అంటారు. పారాసెటమాల్‌తో పాటు మూడు అజిత్రోమైసిన్ కూడా చేతిలో పడతాయి. అది బ్యాక్టీరియాకి మందు, ఫ్లూ వైరస్‌ని అది ఏమీ చేయదు. తగ్గలేదని ఆరో రోజో ఏడో రోజో ఆసుపత్రికి వస్తారు. అప్పుడు తీసిన స్వాబ్ నెగెటివ్ వస్తే, "ఫ్లూ కాదట" అని ఇంటికెళ్లి చెప్పుకుంటారు. రెండో రోజు తీస్తే వచ్చే నెగెటివ్‌కీ ఏడో రోజు తీస్తే వచ్చే నెగెటివ్‌కీ విలువ ఒకటి కాదు. తేదీ లేకపోతే ఆ తేడా మాకు కనబడదు.

ఆ తేదీతో ఇంకో పని కూడా ఉంది. వారం వారం గ్రాఫు గీసేటప్పుడు కేసును జ్వరం మొదలైన వారంలో పెట్టాలి, పరీక్ష చేసిన వారంలో కాదు. కిట్లు ఆలస్యంగా వచ్చి శాంపిల్స్ పేరుకుపోయి, అన్నీ ఒకేసారి రన్ చేశామనుకోండి. పరీక్ష తేదీ ప్రకారం గీస్తే ఆ వారం ఒక పెద్ద శిఖరం లేస్తుంది. ఊళ్లో అలాంటిదేమీ జరిగి ఉండదు. అది మా స్టోర్ రూమ్ శిఖరం.

ల్యాబ్ లోపలి పని చాలామందికి కరోనా పుణ్యమా అని కొంత తెలిసిపోయింది కాబట్టి క్లుప్తంగా చెప్తాను. బయోసేఫ్టీ క్యాబినెట్‌లో ట్యూబు తెరిచి, వైరస్‌లోని ఆర్ఎన్ఏను బయటికి తీస్తాం. దాన్ని డీఎన్ఏగా మార్చి, మెషిన్‌లో సైకిల్ సైకిల్‌కీ రెట్టింపు చేస్తూ పోతాం. అది పెరిగేకొద్దీ మెషిన్‌లో వెలుగు పెరుగుతుంది. ఎన్నో సైకిల్ దగ్గర ఆ వెలుగు మేం పెట్టుకున్న గీతను దాటిందో అదే సీటీ విలువ. వైరస్ ఎక్కువుంటే త్వరగా దాటుతుంది, తక్కువుంటే ఆలస్యంగా. పది సైకిళ్ల తేడా అంటే సుమారు వెయ్యి రెట్ల తేడా. ఇప్పటికీ బంధువులు ఫోన్ చేసి "సీటీ ఎంతొచ్చిందో చెప్పవా" అని అడుగుతుంటారు. ఇద్దరి సీటీలు పోల్చి ఎవరికి జబ్బు ఎక్కువో చెప్పకూడదు. స్వాబ్ ఎంత లోతుగా తీశారు, ఎన్నో రోజు తీశారు అనేదాన్ని బట్టే ఆ అంకె ఎంతో మారిపోతుంది.

ఈ పనిలో నేను ఎక్కువ గౌరవించేది ఆర్‌నేజ్ పి అనే చిన్న పరీక్షని. అది వైరస్‌ది కాదు, మనిషి కణాల్లో ఉండే జన్యువు. ప్రతి శాంపిల్‌లోనూ వైరస్‌తో పాటు దీన్నీ వెతుకుతాం. ఇది కనబడి, వైరస్ కనబడకపోతేనే నెగెటివ్ అని రాస్తాం. ఇదీ కనబడకపోతే స్వాబ్ మీద మనిషి కణాలే పడలేదన్నమాట, లేదా ఆర్ఎన్ఏ తీయడంలో ఏదో చెడిందన్నమాట. అలాంటిదాన్ని నెగెటివ్ అనకూడదు, మళ్లీ శాంపిల్ పంపమని రాయాలి. రిపోర్ట్ మీద "నెగెటివ్" అన్న నాలుగక్షరాల వెనక ఇంత పూచీ ఉందని బయట ఎవరికీ తెలియదు. పాజిటివ్‌కి అందరూ విలువిస్తారు. నేను ఈ పోస్టు మొత్తం నెగెటివ్‌ల తరఫున రాస్తున్నాననుకోండి.

ఇక అసలు లెక్కకి వస్తాను.

వానాకాలంలో విలేకరులు మా సార్‌కి ఫోన్ చేసి మొదట అడిగే మాట "ఎన్ని కేసులు సార్?" అని. అడగాల్సింది "ఎంతమందిలో ఎన్ని?" అని. ఒక ఉదాహరణ వేసుకుందాం. ఒక వారం 20 శాంపిల్స్ వచ్చి ఇద్దరికి ఫ్లూ తేలింది. నెల తర్వాత 200 వచ్చి 20 మందికి తేలింది. కేసులు పదింతలు పెరిగాయని పేపర్లో వస్తుంది, అబద్ధం కూడా కాదు. కానీ రెండు వారాల్లోనూ వచ్చింది పదిశాతమే. పెరిగింది వైరస్ అనడానికి ఇంకా ఆధారం లేదు. పెరిగింది మాత్రం పరీక్షలు. తిరగేసి కూడా చూడండి. కిట్లు తక్కువై 50 మందికే చేస్తే, అందులో 15 మందికి వచ్చినా, "కేసులు తగ్గుముఖం" అని రాసే ప్రమాదం ఉంది. అక్కడ పాజిటివిటీ 30 శాతం. పరిస్థితి మూడింతలు ముదిరినట్టు.

పోనీ శాతం ఒక్కటి చూస్తే చాలా అంటే అదీ చాలదు. టీవీలో భయం మొదలైన వారం చూడండి, తుమ్ము వచ్చినవాళ్లు కూడా పరీక్షకి వస్తారు. అప్పుడు కింది అంకె, అంటే మొత్తం పరీక్షలు, పెరిగి, శాతం పడిపోతుంది. వైరస్ ఊళ్లో పెరుగుతూనే ఉంటుంది, కాగితం మీద మాత్రం తగ్గినట్టు కనిపిస్తుంది. ప్రైవేటు ల్యాబ్‌ల సంగతి వేరు. అక్కడ ఒకేసారి చాలా వైరస్‌లు చూసే రెస్పిరేటరీ ప్యానెల్‌కి కొన్ని వేల రూపాయలవుతుంది. ఐసీయూలో ఉన్నవాళ్లకో, ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకో రాస్తారు. మా బజ్జీల పెద్దమ్మ ముక్కులోకి ఆ స్వాబ్ ఎన్నటికీ వెళ్లదు. కాబట్టి ఎవరికి పరీక్ష చేశారన్నది ఎప్పుడూ ఒకేలా ఉంచుకోవాలి. ఒక్కో సెంటర్‌లో వారానికి ఇన్ని, ఫలానా రోజుల్లో ఓపీలో ఐఎల్ఐ లక్షణాలతో మొదట వచ్చిన ఇంతమంది అని ముందే అనుకుని, ఏడాది పొడవునా అలాగే తీయాలి. డాక్టర్‌గారికి అనుమానం వచ్చినవాళ్లవి మాత్రమే తీస్తే ఆ శాతం ఊరిది కాదు, ఆ డాక్టర్‌గారి అనుమానానిది.

అందుకే ఏప్రిల్ నెల. బేగంపేట వాతావరణ కేంద్రంలో వానపాత్రను వాన పడేరోజు మాత్రమే బయట పెట్టరు. చినుకు లేని రోజు కూడా ఎవరో ఒకరు వెళ్లి చూసి సున్నా రాస్తారు. ఆ సున్నాలు లేకపోతే "ఈ ఏడాది వానలు ముందే వచ్చాయి" అన్న మాట ఎవరూ అనలేరు. మా దగ్గర సరిగ్గా అదే జరగడం లేదు. మార్చి దాటగానే శాంపిల్స్ ఆగిపోతాయి. ఫోన్ చేస్తే, "ఇప్పుడు ఎవరికీ ఏమీ లేదమ్మా, సీజన్ రానీ, పంపిస్తాం" అంటారు. సీజన్ వచ్చిందని మాకు ఎలా తెలియాలి? మామూలు రోజుల్లో ఎంత ఉంటుందో తెలిస్తేనే కదా, ఎక్కువైంది అని చెప్పగలిగేది.

మన ఊరి సీజన్ గురించి కూడా చాలామందికి ఒక తప్పు అభిప్రాయం ఉంది. ఫ్లూ అంటే చలికాలం జబ్బు అనుకుంటారు. అమెరికా, యూరప్‌లలో అంతే. మన దేశంలో 2009 నుంచి 2013 దాకా వేర్వేరు నగరాల ల్యాబ్‌లలో వారం వారం చేసిన పరీక్షలు కలిపి చూస్తే వేరే బొమ్మ కనబడింది. ఢిల్లీ, పుణె, నాగపూర్, కోల్‌కతాల్లో ఫ్లూ జూలై నుంచి సెప్టెంబర్ మధ్య, వానలతో పాటే ఎక్కువైంది. తమిళనాడులోని వేలూరులో అక్టోబర్, నవంబర్‌లలో, అంటే అక్కడ ఈశాన్య రుతుపవనాలు పడేటప్పుడు. శ్రీనగర్‌లో మాత్రం యూరప్‌లాగా జనవరి నుంచి మార్చి మధ్య. ఒకే దేశం, మూడు క్యాలెండర్లు. ఎక్కడికక్కడ ల్యాబ్ ఉంటే తప్ప ఇది తెలిసేది కాదు. ఢిల్లీలో కూర్చుని దేశం మొత్తానికి ఒక గ్రాఫు గీస్తే ఆ మూడూ కలిసిపోయి ఎవరికీ పనికిరాని వంకర గీత మిగిలేది.

హైదరాబాద్‌లో వానాకాలంలో ఒక ఎత్తు, సంక్రాంతి దాటాక మార్చి లోపు ఇంకొకటి. కొన్నేళ్లు రెండోదే పెద్దదవుతుంది. 2015 జనవరి, ఫిబ్రవరి గుర్తున్నాయా? స్వైన్ ఫ్లూ అని ఊరంతా మాస్కులు. ఆ ఏడాది దేశం మొత్తం మీద 42 వేలకు పైగా కేసులు, దాదాపు 3 వేల మరణాలు నమోదయ్యాయి. అప్పుడు నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతున్నాను. మా చిన్నమ్మ కూతురు ఏడో నెల గర్భిణి. జ్వరం, దగ్గు అని చూపిస్తే మామూలు జలుబే అన్నారు. అయిదో రోజుకి ఆయాసం. హైదరాబాద్ తెచ్చి చేర్చాక స్వాబ్ తీశారు, హెచ్1ఎన్1, అదే స్వైన్ ఫ్లూ. అక్క బతికింది, బిడ్డ కూడా. కానీ వెంటిలేటర్ మీద ఉన్న ఆ రోజుల్లో మా చిన్నమ్మ ఆసుపత్రి మెట్ల మీదే పడుకుంది. ఫ్లూకి వాడే మందు ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుందని నేను అప్పుడే పుస్తకంలో చదివాను.

వారం వారం లెక్క ఎవరికి పనికొస్తుందని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఊళ్లో ఈ వారం ఐఎల్ఐ వాళ్లలో పదిమందికి ముగ్గురు ఫ్లూవాళ్లే అని ఆ డాక్టర్‌గారి టేబుల్ మీద కాగితం ఉంటే, గర్భిణిని చూడగానే రిపోర్ట్ కోసం ఆగకుండా మందు మొదలుపెట్టేవారు. పరీక్ష ఒక మనిషికి చేసేదే అయినా దాని ఫలితం పక్క ఊళ్లో ఇంకో మనిషికి వైద్యం అవుతుంది. నేను ఈ సెక్షన్‌లో ఉండిపోవడానికి కారణం కూడా అదే.

టీకా సంగతి కూడా క్యాలెండర్ మీదే ఆధారపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబర్‌లో దక్షిణార్ధగోళానికి, ఫ్లూ టీకాలో ఏ రకాలు ఉండాలో చెబుతుంది. తయారై రావడానికి ఆరు నెలలు పడుతుంది. మ్యాపులో మనం ఉత్తరార్ధగోళంలోనే ఉన్నాం, కానీ మన ఫ్లూ జూలైలో లేస్తుంది. అక్టోబర్‌లో వేయించుకుంటే వానాకాలపు ఎత్తు అప్పటికే దాటిపోయి ఉంటుంది. హైదరాబాద్‌లో ఉండే మా నాన్నకి షుగర్ ఉంది కాబట్టి, మా డాక్టర్‌గారితో మాట్లాడి నేను మే నెలలో వేయిస్తాను. టీకా పట్టు దొరకడానికి సుమారు రెండు వారాలు కావాలి, బోనాలకు ముందే ఆ పని అయిపోతుంది.

2025 జనవరిలో దగ్గు, జలుబు తెచ్చే హెచ్ఎంపీవీ అనే వైరస్ భయం వచ్చినప్పుడు ఈ లెక్కల విలువ నాకు బాగా తెలిసింది. జనవరి 6న బెంగళూరులో ఇద్దరు పసిపిల్లలకు ఆ వైరస్ ఉన్నట్టు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) బయటపెట్టింది. సాయంత్రానికల్లా మా ఫ్యామిలీ గ్రూపులో లాక్‌డౌన్ మాటలు. పెద్దమ్మ బజ్జీల బండి దగ్గర నన్ను ఆపేసింది. "కొత్త వైరస్ వచ్చిందట గద బిడ్డా, మళ్ల బండ్లు బంద్ పెట్టాల్నా?" ఆమె గొంతులో నిజమైన భయం ఉంది. 2020లో ఆమె ఎలా గడిపిందో మా గల్లీ అందరికీ తెలుసు.

కొత్తది కాదు పెద్దమ్మా అని చెప్పాను. దాన్ని 2001లో నెదర్లాండ్స్‌లో గుర్తించారు. పాత రక్తనమూనాలు తీసి చూస్తే 1958 నుంచే మనుషుల్లో ఉందని తేలింది. అయిదేళ్లు వచ్చేసరికి దాదాపు పిల్లలందరికీ ఒకసారైనా వచ్చిపోతుంది. పసివాళ్లకూ ముసలివాళ్లకూ ఒక్కోసారి ముదురుతుంది, జాగ్రత్త కావాలి. అదే రోజు కేంద్ర ఆరోగ్యశాఖ, ఐసీఎంఆర్ లెక్కల్లోనూ, దేశంలో జబ్బుల మీద నిఘా పెట్టే ఐడీఎస్పీ లెక్కల్లోనూ ఐఎల్ఐ, ఎస్ఏఆర్ఐ కేసులు అసాధారణంగా ఏమీ పెరగలేదని ప్రకటించింది. ఆ ఒక్క వాక్యం అనగలిగారంటే దాని వెనక, ఎవరూ పట్టించుకోని నెలల్లో కూడా స్వాబ్‌లు తీసి పంపినవాళ్లు ఉన్నారు. "బండి బంద్ పెట్టకు పెద్దమ్మా" అని నేను చెప్పగలిగానంటే వాళ్ల దయే.

లేదు అని చెప్పడం ఎంత కష్టమో చూపించే ఉదాహరణ ఇంకొకటి ఉంది. ఫ్లూ బీ రకంలో యమగాటా అనే వంశం ఉండేది. 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా అది నిర్ధారణగా దొరకలేదు. వెతకడం మానేసి ఉంటే, పోయిందో దాక్కుందో ఎవరికీ తెలిసేది కాదు. దేశదేశాల ల్యాబ్‌లు వెతుకుతూనే ఉన్నాయి, నెగెటివ్‌లు రాస్తూనే ఉన్నాయి. చివరికి 2023 సెప్టెంబర్‌లో, టీకాలో ఇక దాని అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. నాలుగు రకాల టీకా మూడు రకాలకు వచ్చింది. అది నెగెటివ్‌లు కలిసి తీసుకున్న నిర్ణయం.

దీనికి అవతలి వైపు కూడా ఉంది. ఫ్లూ ఏ అని తేలుతుంది, కానీ ఏటా తిరిగే హెచ్1, హెచ్3 రెండింటిలోనూ పడదు. అలాంటి శాంపిల్ ఎక్కడ దొరికినా వెంటనే పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ ఎన్ఐవీకి వెళ్లాలి. 2025 మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. హెచ్5ఎన్1, బర్డ్ ఫ్లూ అని పుణెలో నిర్ధారణ అయింది. ఆ వార్త చదివిన రోజు మా సెక్షన్‌లో ఎవరం సరిగా అన్నం తినలేదు. ఆ పాప స్వాబ్ తీసినవాళ్లు, దాన్ని పైకి పంపినవాళ్లు తమ పని చేశారు కాబట్టే చుట్టుపక్కల ఇళ్లలో ఎవరికైనా ఉందా అని వెతకగలిగారు. వేసవి వస్తోంది, ఫ్లూ సీజన్ అయిపోయింది కదా అని ఆ స్వాబ్ తీయకపోయి ఉంటే?

హైదరాబాద్‌కి ఈ పని కొత్త కాదు. 2009లో దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది మన ఎయిర్‌పోర్టులో దిగిన ప్రయాణికుడిలోనే. తెలంగాణలో మొదటి కరోనా కేసు 2020 మార్చి 2న ప్రకటించారు. అప్పట్లో తుది నిర్ధారణకి శాంపిల్ పుణె వెళ్లి రావాల్సి వచ్చేది. ఆ తర్వాత నెలల్లోనే ఎన్ని ల్యాబ్‌లు లేచాయో చూశాం. అదే ఏడాది నగరంలోని పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీల శాస్త్రవేత్తలు మురుగునీటిని పరీక్షించి, నగరంలో 6 లక్షలకు పైగా జనానికి ఇన్ఫెక్షన్ వచ్చి ఉంటుందని ఆగస్టులో అంచనా కట్టారు. మురుగునీటి గొప్పతనం ఏమిటంటే దానికి ఓపీ చీటీ అక్కర్లేదు. డబ్బున్నవాళ్లు, లేనివాళ్లు, జ్వరం ఉన్నా పనికి వెళ్లినవాళ్లు అందరూ అందులో ఉంటారు. కానీ వయసెంతో, ఎవరికి ముదిరిందో అది చెప్పదు. అందుకు మళ్లీ స్వాబే కావాలి.

మెషిన్లు ఉన్నాయి. చేయగల చేతులు కూడా ఉన్నాయి. కరోనాలో నేర్చుకున్న పిల్లలు ఎంతమంది కాంట్రాక్టులు అయిపోయి ఇళ్లకు వెళ్లారో తలచుకుంటే నాకు బాధేస్తుంది. ఉన్న మెషిన్‌ని ఏప్రిల్‌లో దుమ్ము పట్టనివ్వడం అంతకంటే బాధ.

ఆర్ఎస్‌వీ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఏడాదిలోపు పిల్లలు డొక్కలు ఎగరేస్తూ, పాలు తాగలేక ఆసుపత్రికి వస్తారే, వాళ్లలో చాలామందికి కారణం ఈ వైరస్సే. తల్లులు నిమ్ము చేసిందంటారు. వానలు ముదిరాక పిల్లల వార్డుల నుంచి వచ్చే ట్యూబులు చూస్తుంటే చేతులు కొంచెం వేగంగా కదులుతాయి. పిల్లలకు పరీక్ష చేసినా ప్రత్యేకమైన మందు లేదు కదా అని కొందరంటారు. ఆక్సిజన్, పాలు పట్టడం, కనిపెట్టుకుని ఉండటమే వైద్యం, నిజమే. కానీ ఏ వారం నుంచి పిల్లలు పెరుగుతారో ముందే తెలిస్తే మంచాలు, ఆక్సిజన్ పైపులు, రాత్రి డ్యూటీ నర్సులు సిద్ధంగా ఉంటారు. అక్కర్లేని యాంటీబయోటిక్ సూది ఒకటి తగ్గుతుంది. ఇతర దేశాల్లో గర్భిణులకు, పసివాళ్లకు దీనికి రక్షణ ఇచ్చే టీకాలు, ఇంజెక్షన్లు వాడుతున్నారు. మన దగ్గర అవి విరివిగా వచ్చిన రోజున ఏ నెలలో ఇవ్వాలని అడుగుతారు. అప్పటికి మన దగ్గర కొన్నేళ్ల లెక్క, పన్నెండు నెలలదీ, ఉండాలి.

ఇది చదివేవాళ్లలో డాక్టర్లు, నర్సులు ఉంటే నా విన్నపం చిన్నదే. జ్వరం మొదలైన తేదీ రాయండి. ఎండాకాలంలో కూడా వారానికి నాలుగైదు స్వాబ్‌లు పంపండి. మిగతావాళ్లకి: ఓపీలో స్వాబ్ తీస్తామంటే వద్దనకండి. ముక్కులో ఒక్క క్షణం మంటగా ఉంటుంది, కళ్లలో నీళ్లొస్తాయి, అంతే. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని తల మీ గుండెకు ఆనించి పట్టుకుంటే ఒక్కసారికే అయిపోతుంది. పిల్లవాడు కదిలితే రెండోసారి తీయాల్సి వస్తుంది.

ఈ ఏడాది మార్చిలోనే నేను మాకు శాంపిల్స్ పంపే సెంటర్లన్నిటికీ ఫోన్లు మొదలుపెట్టాను. మా మేడమ్ ఉత్తరాలు కూడా రాశారు. కొందరు సరేనన్నారు, కొందరు చూద్దామన్నారు. ఒక ఆరోగ్యకేంద్రం డాక్టర్‌గారు, కొత్తగా చేరినావిడ, ఓపిగ్గా అంతా విన్నారు. వారం తర్వాత ఆవిడే ఫోన్ చేసి, "అక్కా, ఈ వారం మా ఓపీలో దగ్గు జ్వరం కేసు ఒక్కటి కూడా రాలేదు. ఫారం పంపాలా, మానేయాలా?" అని అడిగారు.

సున్నా అని రాసి పంపించండి మేడమ్ అన్నాను. పంపించారు, కింద ఓపీకి మొత్తం ఎంతమంది వచ్చారో కూడా రాసి.